ఆటగాడికి ఒక రోజు కూలి

సిరిసిల్లలో మా చిన్నమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు, ఎండ ఇంకా పదునెక్కని పొద్దుటి వేళ కరెంటు పోయింది. ఆ ఊళ్ళో కరెంటు పోవడమంటే దీపాలు ఆరడం కాదు, చప్పుడు ఆగడం. వీధి పొడుగునా బట్ట నేస్తున్న సాంచాలన్నీ ఒక్కపెట్టున ఊపిరి బిగబట్టాయి. ఆ నిశ్శబ్దంలో గోడల అవతల ఎక్కడినుంచో చిన్న చప్పుడొకటి వినిపించింది. అరచెయ్యి బంతిని కొట్టిన చప్పుడు. కాసేపటికి మళ్ళీ. వాలీబాల్ ఆడినవాడి చెవికి అందులో తేడాలు తెలుస్తాయి. వేళ్ళతో మెత్తగా పైకి లేపినప్పుడు దాదాపు ఏమీ వినపడదు, గాలి కొద్దిగా కదిలినట్టుంటుంది. ఆ వెంటనే నెట్టు మీదినుంచి దెబ్బ పడుతుంది. టీ గ్లాసు చేతిలో పెట్టుకుని అలాగే కూచుండిపోయాను. నేను వహీద్ సార్ విజిల్ కోసం ఎదురుచూస్తున్నానని, సాంచాలు మళ్ళీ ఆడడం మొదలయ్యాక గానీ నాకు తెలియలేదు.

వహీద్ సార్ కోరుట్లలో ఒక బళ్ళో ఆటల మాస్టారు. ఏటా ఎండాకాలం బడి మూసేశాక ఆ బడి మైదానంలోనే చుట్టుపక్కల ఊళ్ళ జట్లకు పోటీలు పెట్టేవారు. సన్నటి మనిషి. నడుస్తుంటే నేలమీద బరువు పడుతున్నట్టే ఉండేది కాదు. నా జ్ఞాపకంలో ఆయన ఎప్పుడూ సాయంత్రపు ధూళిలోంచే వస్తారు, సైకిలు ఎక్కకుండా పక్కన నడిపించుకుంటూ. మొదటిసారి మా మేడిపల్లికి వచ్చింది కూడా అలాగే. కోతలైపోయిన మడిలో రెండు వాసాలు పాతి, నెట్టు కట్టి మేం ఆడుతున్నాం. నా దోస్తు మల్లేశం బంతి లేపేవాడు, నేను కొట్టేవాణ్ణి. మల్లేశం లేపిన బంతి పైన ఒక్క క్షణం ఆగినట్టు ఉండేది. ఎంత తొందరపడకుండా ఎగిరినా నాకోసం అక్కడే ఉండేది. సార్ గట్టు మీద నిలబడి, బంతి కనిపించనంత చీకటి పడేదాకా చూశారు. తర్వాత నా పేరు అడగలేదు, ఇల్లెక్కడని అడిగారు.

మా ఇంటికి వచ్చి అరుగు మీద కూచుని, అమ్మ ఇచ్చిన సల్ల తాగారు. మా నాయినతో వానల గురించి చాలాసేపు మాట్లాడారు. లేవబోయే ముందు నా వైపు తిరిగి, "ఆట లేని నెలల్ల ఏం పని చేస్తవ్ బేటా?" అన్నారు. నాయిన ఎంబడి పొలం కాడికి పోతానని చెప్పాను. అదేదో చాలా ముఖ్యమైన సంగతి అయినట్టు తల ఊపారు. కోరుట్ల జట్టులోకి రమ్మంటారని అప్పటికే ఆశపడుతున్నాను. ఆయన ఆ మాటే ఎత్తలేదు. మీ ఊరి జట్టు మీరే కట్టుకుని రండని మాత్రం చెప్పి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. ఆయన బుగ్గారంలోనూ, చందుర్తిలోనూ, ఇంకా ఎన్నో ఊళ్ళలోనూ అలాగే గట్ల మీద నిలబడి, అలాగే ఎవరింట్లోనో సల్ల తాగి, అదే మాట చెప్పి వచ్చారని తర్వాత తెలిసింది.

ఆ పోటీల రోజులు ఇప్పుడు తలుచుకుంటే నిజంగా జరిగాయా అనిపిస్తుంది. తెల్లటి సున్నపు గీతలు, వేప చెట్ల కింద నీళ్ళ కుండలు, జగిత్యాల నుంచి వచ్చిన మామిడిపండ్ల బండ్లు. ప్రహరీ అవతలి అరుగుల మీద చేటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు, చేతులు ఆపకుండానే తలలెత్తి ఆట చూసేవాళ్ళు. మంచి దెబ్బ పడితే వాళ్ళ వేళ్ళు కూడా ఒక్క క్షణం ఆగేవి. మొదటి రెండేళ్ళు మేం అలా ఆడాం. ఒకసారి సెమీఫైనల్ దాకా వెళ్ళాం. ఊరికి తిరిగొచ్చేటప్పుడు బస్సు పైన కూచుని, మోదుగ చెట్ల మీదుగా వచ్చే గాలి మొహానికి తగులుతుంటే, లోకంలో ఇంతకంటే కావలసింది ఏముంటుందనిపించేది.

మూడో ఏడు జగిత్యాల జట్టు మారిపోయింది. ఆ జట్టును నడిపేది ప్రతాపరావు. మా వైపు ఊళ్ళను ఒకప్పుడు ఏలిన దొరల కుటుంబం వాళ్ళది. అడవి పట్టిన నక్సలైట్లను మేం అన్నలనేవాళ్ళం. వాళ్ళ భయానికి ఆ కుటుంబం ఊళ్ళో కోటలాంటి తమ గడికి తాళం వేసి జగిత్యాల చేరి, రైసుమిల్లు పెట్టుకుంది. ప్రతాపరావుకు వాలీబాల్ అంటే ప్రాణం. ఆ ఏడు ఎక్కడ మంచి ఆటగాడుంటే అక్కడికి మనిషిని పంపి, అడిగినంత ఇచ్చి తెచ్చుకున్నాడు. బుగ్గారం జట్టులోంచి ముగ్గురిని తీసుకున్నాడు. మిగిలినవాళ్ళతో ఆ ఊరు ఆడలేకపోయింది. ఫైనల్లో జగిత్యాల గెలిచింది, చాలా అందంగా గెలిచింది. కానీ బుగ్గారం నుంచి ఏటా ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చే జనం ఆ రోజు ఒక్కరూ రాలేదు. సార్ కప్పు అందిస్తూ వాళ్ళు కూచునే చోటి వైపే చూస్తున్నారు.

తర్వాతి వేసవి మొదట్లో సార్ అన్ని జట్ల వాళ్ళనూ బడి వరండాలో కూచోబెట్టారు. బయటి ఊరి ఆటగాళ్ళు జట్టుకు ఇద్దరే ఉండాలన్నారు. ఆ పైన ఇంకో మాట చెప్పారు.

"పొద్దంత నాటేసిన మనిషికి ఎంత కూలి దొరుకుతదో, ఆడినోనికి గూడ గంతే. అంతకు మించి ఇచ్చిన జట్టు గీ కోర్టుల ఆడది."

ఎదురు చెప్పింది ప్రతాపరావు కాదు, సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక సాంచాల కార్మికుడు, మా అందరిలోకి గొప్ప ఆటగాడు. తన ఒళ్ళు, తన ఎగురుడు, దానికి ధర కట్టడానికి మీరెవరని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. నాకు కూడా లోపల అదే ఉంది. సార్ దాన్ని కొట్టిపారేయలేదు. "నీకు నష్టమే బేటా. కాదంటలేను," అన్నారు. "కాని అవతలి దిక్కు ఆడెటోళ్ళే లేకుంట అయితే, నువ్వు ఎవలతోని ఆడుతవ్?" ఆ కార్మికుడు సంతోషంగా కాకపోయినా ఒప్పుకున్నాడు. ఇన్సాఫ్ అంటే, న్యాయమంటే, అందరూ నవ్వుతూ లేచిపోవడం కాదని నేను చూసింది ఆ వరండాలోనే.

అయితే ఆ రోజుల్లో పొడుగ్గా, గట్టిగా ఉన్న కుర్రాళ్ళకోసం వెతుకుతున్నది ఒక్క జట్లవాళ్ళే కాదు. అన్నలు వెతుకుతున్నారు. తమకు కబుర్లు మోసే మనుషుల కోసం పోలీసులు వెతుకుతున్నారు. దుబాయి ఏజెంట్లు వెతుకుతున్నారు. నలుగురు కుర్రాళ్ళు ఒకచోట చేరితే అనుమానమే. సార్ ప్రతి పోటీకీ ముందు ఠాణాకు వెళ్ళి, బల్ల మీద గంటలు గంటలు కూచుని పర్మిషన్ తెచ్చుకునేవారు. దొరల పైసలతో ఆటలేంటని అన్నల వైపు నుంచి కూడా ఒకసారి కబురొచ్చింది. మేడిపల్లి నుంచి వెళ్తుండగా ఇద్దరు ఆయన్ని దారిలో ఆపారు. ఆయన కూలి సంగతి చెప్తే, అది బాగుందని నవ్వారట. అప్పుడు సార్ వాళ్ళనో మాట అడిగారు. మా మల్లేశం వాళ్ళ వెంట తిరుగుతున్నాడని అప్పటికే ఆయనకు తెలుసు. రేపు వాని చెయ్యి విరిగితే ఎవరు చూస్తారని అడిగారు. వాళ్ళలో చిన్నవాడు, మా వద్ద ఎవరూ చెయ్యి విరిగేదాకా ఆగరు సార్ అన్నాడట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు సార్ గొంతులో కోపం లేదు. ఆ కుర్రాడు అబద్ధం చెప్పనందుకు ఒకరకమైన గౌరవం, దాని వెనక పెద్ద అలసట ఉన్నాయి.

మల్లేశం ఆ వర్షాకాలం వెళ్ళిపోయాడు. నాకు చెప్పలేదు. నాట్ల ముందు ఒక సాయంత్రం మామూలుగానే వచ్చి, మామూలుకంటే ఎక్కువసేపు బంతి లేపాడు. నేను కొడుతూనే ఉన్నాను. ఏడాది తిరక్కుండానే పేపర్లో ఎన్‌కౌంటర్లో చనిపోయినవాళ్ళలో వాడి పేరు చూశాం, మా జట్టు ఇక ఆడలేదు. ఇప్పటికీ కలలో ఆ బంతి పైన ఆగి ఉంటుంది, నేను ఎగరను.

మల్లేశం వెళ్ళాక, ఇంకా ఆ వార్త రాకముందే, ప్రతాపరావు మనిషి మా ఇంటికి వచ్చాడు. ఆటకు రోజు కూలే, రూలు తప్పం. కానీ మిల్లులో నౌకరీ ఇస్తాం, నెల జీతం వేరే, అన్నాడు. రెండేళ్ళుగా వానల్లేవు. నాయిన నా మొహం చూశాడు. నేను కోరుట్ల వెళ్ళి సార్‌ను అడిగాను. కోప్పడతారనుకున్నాను, వద్దంటారనుకున్నాను. ఆయన చొక్కా వేసుకుని, పద, జగిత్యాల పోదామన్నారు.

మిల్లులో ధాన్యపు దుమ్ము కిటికీ వెలుగులో బంగారంలా తేలుతోంది. ప్రతాపరావు లేచి నిలబడి సార్‌కు కుర్చీ వేశాడు. టీ వచ్చింది. సార్ తాగారు. గ్లాసు కింద పెట్టి, మామూలుగా, ఉప్పు ధర అడిగినట్టు అడిగారు.

"రావు సాబ్, మీరు గీ పిలగానికి ఇచ్చేది నౌకరీనా, ఆట పైసలా? రేపు వీని చెయ్యి విరిగితే, గీ మిల్లుల కుర్చీ వీనిదేనా?"

బయట హమాలీలు బస్తాలు దించుతున్న చప్పుడు వినపడుతోంది. ప్రతాపరావు నన్ను కాదు, సార్‌ను చూస్తూ అన్నాడు. "మేం ఊరిడిసి అచ్చినం సార్. గడికి తాళమేసినం. మా పేరు మీద మంచిగ మిగిలింది గీ టీమొక్కటే. దాన్ని గెలిపియ్యాలనుకున్న." ఆ మాట అంటున్నప్పుడు అతను దొరలా లేడు. సార్ అతని చేతిమీద చెయ్యి వేశారు. "గెలువుండ్రి. నేను అడిగిందానికి చెప్పుండ్రి."

"వీనిదే," అన్నాడు ప్రతాపరావు. "ఆడినా, ఆడకున్నా."

అట్లా నేను జగిత్యాల జట్టులో బయటి ఊరి ఇద్దరిలో ఒకడినయ్యాను. ఒక్క వేసవే ఆడాను. సిరిసిల్ల జట్టుతో ఆడుతుండగా, బంతి కొంచెం వెనక్కి పడింది. వంగి కొట్టాను. కుడి భుజంలో ఏదో తెగిన చప్పుడు నాకే వినపడింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఆకాశం, దానిలో ఒక గద్ద నెమ్మదిగా తిరగడం, రిఫరీ ఎత్తుబల్ల దిగి పరుగెత్తుకొచ్చిన సార్ నా తల తన మోకాలి మీద పెట్టుకోవడం. ఆయన ఏదో ప్రార్థన మెల్లగా చదువుతున్నారు. నాకది అర్థం కాలేదు గానీ, నొప్పి కొంచెం దూరంగా జరిగినట్టనిపించింది.

ఆ చెయ్యి మళ్ళీ తలపైకి లేవలేదు. ప్రతాపరావు మాట తప్పలేదు. నన్ను ధాన్యం తూచే కాంటా దగ్గర కూచోబెట్టాడు. ఆ కుర్చీలో ఉండగానే నాకు పెళ్ళయింది, ఆ కుర్చీలోంచే ముగ్గురు పిల్లల్ని చదివించాను. సార్ నెలకోసారి కోరుట్ల నుంచి బస్సులో వచ్చేవారు. ప్రతాపరావుతో టీ తాగేవారు, ఆట కబుర్లు చెప్పుకునేవారు. నన్ను ఏమీ అడిగేవారు కాదు. వెళ్ళేటప్పుడు కాంటా వైపు ఒక్క చూపు చూసి, నేను అక్కడే ఉన్నానని రూఢి చేసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయేవారు. ఎన్నో ఏళ్ళు అలా వచ్చారు. చివరికి ప్రతాపరావే, నా మీద నమ్మకం లేదా సార్ అని నవ్వాడు. ఉంది, అందుకే చూడబుద్ధవుతుందని సార్ అన్నారు.

ఆయన బాగా పెద్దవారయ్యాక కోరుట్లలో వాళ్ళింటికి వెళ్ళాను. కళ్ళు మసకబారాయి. మంచం మీద కూచుని, గొంతునుబట్టి నన్ను గుర్తుపట్టారు. చాలా రోజులుగా అడగాలనుకున్నది అప్పుడడిగాను. అన్నేళ్ళు ఎత్తుబల్ల మీద నిలబడ్డారు కదా, లోపల ఏ జట్టు గెలవాలని ఉండేది సార్, అని. మేడిపల్లి అంటారని నాకు చిన్న ఆశ. ఆయన చాలాసేపు నవ్వారు.

"గెలిచినోళ్ళను నేనెప్పుడు సూడలె బేటా. వాళ్ళు ఎట్లన్న అస్తరు," అన్నారు. "ఓడినోళ్ళు మళ్ల ఏడు అస్తరా, రారా, గదే సూసేటోణ్ణి."

ఈమధ్య చందుర్తిలో కుర్రాళ్ళ పోటీలకు పెద్దమనిషిగా పిలిచారు. ఫైనల్ అయింది. గెలిచినవాళ్ళు కప్పు ఎత్తుకుని ఫొటోలు దిగుతున్నారు, డప్పులు మోగుతున్నాయి. నా పక్కనున్నవాళ్ళు నన్ను అటు రమ్మని పిలుస్తున్నారు. నేను నెట్టు అవతలి వైపు చూస్తూ ఉండిపోయాను. ఓడిన పిల్లలు గీత మీద వరసగా కూచుని బూట్లు విప్పుకుంటున్నారు. పడమటి వెలుగు వాళ్ళ మోకాళ్ళ మీది దుమ్ము మీద పడుతోంది. అందులో ఒకడు, బంతి లేపే పిల్లవాడు, బూటు చేతిలో పట్టుకునే పక్కవాడి భుజం తట్టి ఏదో అన్నాడు. డప్పులు కాస్త ఆగిన సందులో నాకు వినపడింది. వచ్చే ఏడు నువ్వు కొద్దిగా ముందు ఎగురు, నేను ఇంకింత పైకి లేపుతా, అంటున్నాడు.

నేను లేచి, కప్పు దగ్గరికి నడిచాను.