దొంగజేబుల ముత్యాలప్ప

బాగేపల్లి బస్టాండు పక్కన బట్టలు కుట్టే ముత్యాలప్పకు ఒకటే జబ్బు. ఏ నాయకుడు నోరు తెరిచినా, ఆ భాషణాన్ని కుట్లు విప్పి చూడందే ఆయనకు అన్నం సయించదు. ఒకే మాట రెండుసార్లంటే అది డబుల్ కుట్టు. "మనమందరం" అంటే లైనింగు. బయటికి కనపడదు, లోపల వెచ్చగా ఉంటుంది. జవాబు చెప్పని ప్రశ్న వేస్తే మాత్రం దొంగజేబు.

"పైన మూత బలే ఉంటాది. చెయ్యి పెడితే లోపల ఏమీ ఉండదు" అనేవాడు.

ఈ కుట్ల లెక్క రాయడానికి కాగితం వెతికే ఓపిక ఆయనకు లేదు. చేతిలో సుద్దముక్క, ఒళ్ళో గుడ్డ. దానిమీదే గీతలు పెట్టేవాడు. ఆ గుడ్డ ఎవరిదనేది తర్వాతి సంగతి.

సునామీ వచ్చిన వారం అంగట్లో టీవీ ఆరలేదు. ఎవరో నాయకుడు గొంతు తగ్గించి మాట్లాడుతుంటే అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ముత్యాలప్ప కూడా తుడుచుకున్నాడు, ఎడమచేత్తో. కుడిచేత్తో గీతలు పెడుతున్నాడు.

మర్నాడు పంచాయతీ మెంబరు వెంకటరాయప్ప కొత్త ప్యాంటు పట్టుకుని వచ్చాడు.

"ఏమప్పా, నా తొడ మీద ఆరు గీతలేంటివి?"

"ఆయప్ప టీవీలో 'అన్నదమ్ములారా' అని ఆరుసార్లు అన్నాడప్పా."

"అంటే నా ప్యాంటేం చేసింది?"

"దులిపితే పోతాది లేప్పా. ఆయప్ప మాటలూ అంతే."

మూలన కూర్చుని గుండీలు కుట్టే రంజిత తల వంచుకుని నవ్వు దాచుకుంది. అంగడికి వచ్చినవాళ్ళతో ఆ పిల్ల ఎన్నడూ మాట్లాడింది లేదు. ఏడో తరగతిలో ప్రార్థనప్పుడు నాలుగు మాటలు చెప్పమంటే, మొదటి మాట దగ్గరే ఇరుక్కుపోయింది. బడంతా నవ్వింది. ఆమె మళ్ళీ బడి గడప తొక్కలేదు.

అలాంటి రంజితను ఆదివారం సంతాప సభలో మాట్లాడమని స్త్రీశక్తి సంఘం పుట్టమ్మ వచ్చి కూర్చుంది. సముద్రం పక్క ఊళ్ళకు పంపడానికి బట్టలు అడగాలి. సంఘంలో కాగితం చూసి చదవగలిగేది ఈ పిల్లే.

"ఈసారీ నవ్వినారంటే నేనింక ఈ జన్మలో నోరు తెరవను పుట్టమ్మక్కా."

"సావు సభలో ఎవరు నవ్వుతారే?"

రంజిత ముత్యాలప్ప వైపు చూసింది. "అప్పా, నాది మాత్రం లెక్కపెట్టొద్దప్పా."

"అట్లెట్లమ్మా? చెయ్యి ఊరుకోదు" అన్నాడాయన.

సభలో మొదట వెంకటరాయప్ప లేచాడు. రెండు చేతులూ చాచి, "ఈ కన్నీళ్ళను తుడిచేదెవరు?" అని ఆగాడు.

"దొంగజేబు!" అని వెనక నుంచి వినపడింది.

జనం నవ్వారు. సభలకు కూడా ముత్యాలప్ప కుట్టుపని వెంట తెచ్చుకుంటాడు. ఒళ్ళో ఎవరిదో ప్యాంటు, చెవి మీద సుద్దముక్క.

రంజిత వంతు వచ్చింది. కాగితం విప్పితే అక్షరాలన్నీ ఈదుతున్నాయి.

"ఆడ తడిసినోళ్ళకు ఆరిన గుడ్డ కావాల" అంది. తర్వాతి మాట కనపడలేదు. మళ్ళీ అదే అంది. ముందు వరసలో ఎవరో దగ్గారు. మూడోసారీ అదే వచ్చింది. ఎవరో కిసుక్కుమన్నారు. నాలుగోసారికి ఆమె పెదవులు కదిలాయి.

"మూడు!" ముత్యాలప్ప లేచి నిలబడ్డాడు. "విన్నారాప్పా? టీవీలో అంతంత నాయకులకే పిలుపులు తప్ప అసలు మాట రెండు కుట్లు దాటదు. ఇది మూడు కుట్లు! పీకినా ఊడదు. దీనిమీద ఇంకొక్క మాట అన్నా చెడిపోతాది. కూర్చోమ్మా!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది వెంకటరాయప్ప. తన దొంగజేబును జనం మరిచిపోతారని ఆయన ఆశ. సాయంత్రానికి సంఘం వాకిట్లో బట్టల మూటలు నడుమెత్తు లేచాయి.

"అప్పా, నేను మరిచిపోయినాను" అంది రంజిత, అంగట్లో.

"తెలుసు."

"మరి మూడు కుట్లంటివే?"

"నాలుగోసారి అనింటే ఏం చెప్పాల్నో నాకూ తెలీదమ్మా. అందుకే ఆ లోపలే అరిచినా."

మంగళవారం వెంకటరాయప్ప ఇంకో ప్యాంటు పట్టుకుని వచ్చాడు.

"ఏమప్పా ముత్యాలప్పా, ఈసారి మూడు గీతలుండాయే. ఎవరివి?"

ముత్యాలప్ప మిషను ఇంకా జోరుగా తొక్కసాగాడు.

"నావప్పా" అంది మూలనుంచి రంజిత. "దులపొద్దు."