మూడు వస్తడు సార్

మహబూబాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రోజుల్లో నేను చేసిన పని ఇది.

ఆ పూట కెపాసిటర్ల లెక్క. ఆరు మైక్రోఫారడ్ల కెపాసిటర్‌కు, విలువ తెలియని ఇంకొకటి సిరీస్‌లో కలిపితే మొత్తం రెండయింది. తెలియనిదెంత? బోర్డు మీద గబగబా చేసి, ఒకటిన్నర అని రాసి కింద గీత గీశాను.

మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. మరిపెడ దగ్గరి తండా పిల్ల. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు కాబట్టి తెలుగు ఆచితూచి పలికేది.

"సార్, సిరీస్‌ల కలిపితే చిన్నదానికంటె ఇంకా చిన్నగైతదన్నరు. ఒకటిన్నరకు కలిపితే రెండు ఎట్లైతది? మూడు వస్తడు సార్."

"మూడు వస్తడా? ఎవరమ్మా ఆయన, మీ చుట్టమా?" అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆమె కూర్చుంది.

స్టాఫ్‌రూమ్‌కు వెళ్లి కాగితం మీద చేసి చూసుకున్నాను. తీసివేయాల్సిన చోట కలిపాను. జవాబు మూడే.

మరునాడు క్లాసులో, "నిన్న తొందరలో చిన్న పొరపాటు జరిగింది, దిద్దుకోండి" అన్నాను. ఆ అమ్మాయి చెప్పిందే సరైనదని మాత్రం అనలేదు. మాది జనగామ. హైదరాబాద్‌లో చదివేటప్పుడు నా మాట విని నవ్విన వాళ్లున్నారు. అదెట్లా ఉంటుందో తెలిసీ నోరు విప్పలేదు. ఆమె తలవంచుకుని దిద్దుకుంది.

పోయిన ఏడాది భూపాలపల్లిలో చెల్లెలింటి మీటరు పనిమీద కరెంటు ఆఫీసుకు వెళ్తే, ఇంజినీరు కుర్చీలోంచి ఆ అమ్మాయే లేచి నమస్తే పెట్టింది. మీటరు సంగతి పక్కనపెట్టి, "ఆనాడు లెక్క నీదే కరెక్టు బిడ్డా. అందరి ముందట చెప్పకపోతి" అన్నాను.

"తెలుసు సార్. ఇంటికి వొయ్యి మళ్ల చేసి చూసుకున్న, మూడే వచ్చింది." కుర్చీ చూపిస్తూ అంది: "గా దినం నుంచి క్లాసుల లేసి అడుగుడు బందువెట్టిన. ఇంజినీరింగ్‌ల నాలుగేండ్లు సుత నోరు తెరువలే."

గొంతులో కోపం లేదు.

"చాయ్ తాగుతరా సార్?" అని అడిగి, నా దరఖాస్తు అందుకుని చదవసాగింది. చాయ్ వచ్చింది. ఆమె ఎదురుగా కూర్చుని, తల వంచుకుని తాగాను.