అక్క తీసేశాననుకున్న ఫైలు

ఆఫీసులో ఆమెను చీపురు మేడం అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె కూడా నవ్వుతుంది. కంపెనీ తన పాత ప్రోగ్రాములన్నీ కొత్త సర్వర్‌కి తరలిస్తోంది. ఇల్లు మారేటప్పుడు అటక మీది సామాను దించి, ఏది ఉంచాలో ఏది పారేయాలో చూసే మనిషి ఒకరు కావాలి కదా, ఈమె ఆ మనిషి. కాంట్రాక్టు మీద తెచ్చుకున్నారు. తరలింపు అయిపోగానే ఈమె కూడా బయటికే. ఏరు దాటాక తెప్ప తగలేయడం కంపెనీలకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఈ పనిలో ఒక తిరకాసు ఉంది. రిపోజిటరీ అంటే ప్రోగ్రాము పుట్టినప్పటి నుంచి జరిగిన ప్రతి మార్పునూ దాచుకునే చోటు. అందులోంచి ఒక ఫైలు తీసేస్తే కంటికి కనబడదు గానీ, పాత చరిత్రలో అలాగే ఉండిపోతుంది. ఊడ్చిన చెత్తను మంచం కిందికి తోసినట్టు. ఏళ్ళ తరబడి పేరుకున్న ఆ బరువుతో తరలింపు నత్తనడక నడుస్తుంది. అందుకని చరిత్రలోకే వెళ్ళి, అక్కర్లేని పెద్ద ఫైళ్ళను అసలెప్పుడూ లేనట్టు తుడిచేయాలి. పాత సర్వర్ ఆపేశాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా వాటిని వెనక్కి తేలేడు.

నీళ్ళ సరఫరా ఫిర్యాదులు తీసుకునే ఫోన్ లైను ప్రోగ్రాము తెరిచిన రోజున ఆమెకు అక్క దొరికింది.

అక్క కూడా ఒకప్పుడు అక్కడే, కాంట్రాక్టు మీదే పనిచేసింది. ఫోన్ చేసినవాళ్ళకు ఏ బటన్ నొక్కాలో చెప్పే సందేశం మొత్తం అక్క గొంతుతోనే ఉండేది. ఆఫీసులో చప్పుడు లేని గది లేక, చంటిబిడ్డను పక్కన పడుకోబెట్టుకుని ఇంట్లోనే రికార్డు చేసింది. ఆ బిడ్డకు ఏడాది నిండకముందే అక్క జ్వరంతో పోయింది. తర్వాత ఫోన్ లైనులోకి యంత్రం గొంతు వచ్చింది. ఇంట్లో అక్క ఫోటోలున్నాయి, చీరలున్నాయి, గొంతు లేదు. పిన్ని అయిన ఈమె దగ్గరే పెరిగిన ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ ఒకటే అడుగుతుంది, అమ్మ ఎలా మాట్లాడేదని.

అక్క చేసిన పొరపాటు ఈ పనిలో ఉన్న ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు చేసేదే. రికార్డింగులు ఏరుకోకుండా ఫోల్డరు మొత్తం ఒక్క దెబ్బకు రిపోజిటరీలోకి ఎక్కించేసింది, బాగా వచ్చినవీ చెడిపోయినవీ కలిపి. మర్నాడు చూసుకుని నాలిక కరుచుకుని, చెడిపోయినవి తీసేసింది. పోయాయనుకుంది.

ఆఫీసు ఇచ్చిన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆమె అన్నీ విన్నది. దగ్గు. తడబాటు. తనను తాను తిట్టుకోవడం. ఒకదాంట్లో "నీళ్ళు రాకపోతే" అనగానే పాప ఏడుపు లంకించుకుంది, అక్క నవ్వేసింది.

"ఊరుకో నా తల్లీ, ఒక్క ముక్క చెప్పుకోనీ. నీకోసమేగా ఈ పాట్లు."

అక్కడితో ఆగిపోయింది.

ఆమె పనిచేసే గదిలోకి ఫోన్లు తేకూడదు, గేటు దగ్గరే పెట్టేయాలి. కంప్యూటర్‌కి బయటినుంచి తెచ్చినదేదీ తగిలించకూడదు. కాపీ ఇప్పించమని మేనేజర్ని అడిగింది. ఆయన చెడ్డవాడేం కాదు, పైవాళ్ళకు రాశాడు. వచ్చిన జవాబు చెప్పడానికి ఆయనకే మొహం చెల్లలేదు. రికార్డింగులు కంపెనీ ఆస్తి కనుక కాపీ ఇవ్వడం కుదరదట. ఎవరికీ అక్కర్లేనివి కనుక మిగతావాటితోపాటు తుడిచేయాలట. ఆస్తీ అదే, చెత్తా అదే. కాంట్రాక్టు మనిషి చేసిన పనికి మన చోట్ల ఎప్పుడూ ఈ రెండు పేర్లే. చేసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

"పది ఎంబీ దాటినవన్నీ తీసేయమన్నారమ్మా," అన్నాడాయన.

"దాటినవే కదా సార్?"

ఆయన ఆమె వంక ఒకసారి చూశాడు. "దాటినవే."

దాటినవన్నీ తుడిచేసింది. బాగా వచ్చిన సందేశం పోయింది, అక్క దగ్గు పోయింది, తడబాటు పోయింది, తనమీద తనకొచ్చిన కోపమూ పోయింది. పాప ఏడుపుతో మధ్యలోనే ఆగిపోయిన ఫైలు చాలా చిన్నది. పది ఎంబీ లెక్కన దాన్ని ఎవరూ తీసేయమనలేదు. మిగతా కోడ్‌తోపాటు అదీ కొత్త సర్వర్‌కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వంటింట్లో పిల్లకు చెప్పింది. అమ్మ ఆ మాట ఎలా అందో అనమని పిల్ల ప్రాణం తీసింది. పిన్ని అని చూసింది, తన గొంతే వచ్చింది. ఇంకోసారి అంది, అప్పుడూ తన గొంతే.

"నవ్వి అన్నదా, అని నవ్విందా?"

"నవ్వుతూనే అన్నదే."

అయితే రేపు మళ్ళీ విని, బాగా గుర్తుపెట్టుకుని రమ్మంది పిల్ల. రేపటి నుంచి ఆ గేటు తనకు తెరవరని, పని అయిపోయిందని అప్పుడు చెప్పాల్సి వచ్చింది.

పిల్ల తుడిచిన గిన్నెనే తుడుస్తూ నిలబడింది.

"అక్కడ ఉద్యోగం రావాలంటే ఏం చదవాలి పిన్నీ?"

పగవాళ్ళకు కూడా వద్దనుకున్న ఉద్యోగం అది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. పిల్ల మొహం చూసి మింగేసింది.

"లెక్కలు బాగా చదువు," అంది. "చేరితే మాత్రం కాంట్రాక్టు మీద చేరకు."