పత్తిగాడి నుదుటి గోరింట

పదేళ్లు దాటింది. ఒక మాట నా గొంతులో ఎండు ముద్దలా అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు.

నేను అనుమానపు మనిషిని. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడనుకుంటాను, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడనుకుంటాను. మా ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్. "దేవుడు వరమిచ్చినా అటిటు తిప్పి చూస్తవు నువ్వు" అనేవాడు. దాన్ని నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను. రజాకార్ల రోజులు, ఆ తర్వాత పోలీసు యాక్షన్ గడిచి కొన్నేళ్లయినా, వికారాబాదులో గాని తాండూరులో గాని మనుషులు పక్కింటి తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతూనే ఉన్నారు. నా అనుమానం అప్పుడు పుట్టింది కాదు లెండి. అప్పుడు దానికి మేత దొరికింది.

మా చెల్లెలు తాండూరులో ఒక్కతే ఉండేది. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. రవికలు కుట్టి బతికేది. తల్లి చచ్చిన ఒక మేకపిల్లను తెచ్చి, పాలలో గుడ్డ ముంచి నోట్లో పెట్టి సాకింది. తెల్లగా ఉందని పత్తిగాడు అని పేరు పెట్టింది. వాడు కుట్టుమిషన్ కిందే పడుకునేవాడు. మిషన్ తొక్కుతున్నంతసేపూ ఆమె వాడితో మాట్లాడుతూనే ఉండేది. అలాంటి మనిషికి క్షయ అని తేలింది. వికారాబాదు గుట్ట మీది దవాఖానలో నెలల తరబడి ఉండాలన్నారు. ఆమె రోగానికి ఏడవలేదు. పత్తిగాడి కోసం ఏడ్చింది. "వాడు నా కోసం ఉంటడంటే నేను బతికొస్త అక్కా" అంది.

వికారాబాదులో మాది ఒక్క గది. వాకిలి లేదు, ఇంటి ఓనరు కోడిని కూడా ఒప్పుకోడు. మరి పత్తిగాణ్ణి ఎక్కడ ఉంచాలి? ఖాజా దగ్గర ఉంచమని చెల్లెలు ముందే చెప్పింది. ఖాజా తాండూరులో నలుగురి మేకల్ని నెలకింతని ఒప్పుకుని, తన మేకలతో పాటు మేపి, తన దొడ్లోనే కట్టేసేవాడు. భార్య పోయింది, ఒంటరివాడు. బక్రీదు వస్తుందంటే సొంత మేకల్ని అమ్ముకునేవాడు. ఆ ముక్క వినగానే నా చెవులు నిక్కాయి.

వేరే చోట్లు వెతికాను. పెద్దేముల్‌లో ఒకామె ఉంచుకుంటానంది. ఆమె దొడ్లో కొత్త తాడుంది గాని మేక లేదు. ఆ తాడుకు కట్టిన మేక ఏమైనట్టు? తాండూరులోనే ఇంకొకాయన దగ్గర తొట్టి నిండా పాచి. ఆయన మాత్రం పొద్దునే కడిగానన్నాడు. చివరికి ఖాజా దొడ్డికే వెళ్లాను. తొట్టి శుభ్రంగా ఉంది. కందిపొట్టు దోసిట్లోకి తీసుకుని వాసన చూశాను, బూజు లేదు. మేకల డెక్కలు ఎత్తి చూశాను. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. దొరకకపోవడమే నాకు నచ్చలేదు. ఇంత మంచిగా ఉండాల్సిన అవసరం ఈ మనిషికి ఏముంది అనుకుంటూనే పత్తిగాడి తాడు ఆయన చేతికిచ్చాను.

తర్వాత చెప్పాపెట్టకుండా తాండూరు వెళ్లి చూసొచ్చేదాన్ని. వెళ్లినప్పుడల్లా పత్తిగాడు ఇంకాస్త ఒళ్లు చేసి కనిపించేవాడు. నా చెల్లెలైతే మురిసిపోయేది. నేనేమో ఖాజా వాణ్ణి ఎవరి కోసం బలిపిస్తున్నాడని లెక్కలు వేసుకునేదాన్ని.

బక్రీదు దగ్గర పడ్డాక ఒక శుక్రవారం వెళ్లాను. ఖాజా జుమ్మా నమాజుకు పోయాడు. ఇంట్లో ఎవరూ లేరు. తడిక తీసుకుని లోపలికి వెళ్తే పత్తిగాడు నన్ను చూసి అరిచాడు. వాడి నుదుటి మీద ఎర్రగా, గుండ్రంగా ఒక మచ్చ ఉంది. గోరింట. మిగతా ఏ మేకకూ లేదు, వాడొక్కడికే ఉంది.

మా ఇళ్లలో పద్ధతి మీకు చెప్పాలి. ఊరి దేవతకు మొక్కిన మేకకు నుదుట పసుపు రాసి బొట్టు పెడతాం. బొట్టు పడిందంటే అది ఇక దేవత సొత్తు, పండుగ దాకానే దాని ఆయుష్షు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ ఎర్ర మచ్చ చూడగానే నాకు ఇంకో అర్థం తోచలేదు. తోచలేదా, నేనే తోచనివ్వలేదా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నమాజు అయిపోయి ఆయన వచ్చేదాకా అరుగు మీద కూర్చుని, ఈ మచ్చ ఏమిటని ఒక్కమాట అడిగితే సరిపోయేది. కూర్చోలేదు. తాడు విప్పాను.

రైలు గార్డు మా ఆయనకు తెలిసినవాడు. మేకను తన డబ్బాలో ఎక్కించుకున్నాడు. ధారూరులో దిగి, మా పెద్దనాన్న కొడుకు ఎల్లయ్య ఇంట్లో కట్టేశాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. అక్కడ నేను తొట్టి చూడలేదు, మేత వాసన చూడలేదు, ఒక్క ప్రశ్న వేయలేదు. మనవాళ్లే కదా. ఒక ప్రాణం కాపాడానని గర్వంగా ఇల్లు చేరాను.

కొన్ని రోజులకు ఖాజా మా గుమ్మం ముందుకొచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది, కళ్లు లోతుకు పోయాయి. చేతిలో ఒక నల్ల మేకపోతు తాడు.

"అమ్మా, నీ చెల్లె నన్ను నమ్మి అప్పజెప్పిన అమానత్ నా దొడ్లకెళ్లి పోయింది. తాండూరంత దేవులాడిన. కరణ్‌కోట దాక పోయొచ్చిన. దొర్కలె."

"ఎట్ల పోతది?" అన్నాను. నా గొంతు వణకలేదు.

"ఎవ్వలో ఇప్పుకపోయిన్రు. పండుగకు మేకల కొనేటోళ్లు వస్తరు గద. గీ ఒక్కటి పరాయిది, దీన్ని బేరం చెయ్యొద్దని నేనే నుదుట్ల మెహందీ పెట్టిన. నిషాని చూసి గూడ ఎట్ల తీస్కపోయిన్రో నాకు సమజైతలేదు."

ఆయన నల్ల మేకపోతు తాడు నా చేతికి అందించబోయాడు.

"పరాయోళ్లది ఖుర్బానీకి చెల్లదమ్మా. అమానత్ పోగొట్టినంక నాకు నిద్ర వడ్తలేదు. నా దాంట్ల గిదే మంచిది, తీస్కో. నీ చెల్లెకు జర నువ్వే నచ్చజెప్పు."

"మాకొద్దు ఖాజా భాయ్, తీస్కపో."

ఆయన ఆ మేకపోతును లాక్కుంటూ స్టేషన్ వైపు వెళ్లిపోయాడు. నేను తలుపేసుకున్నాను.

అప్పటికి పత్తిగాడు బతికే ఉన్నాడు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. ధారూరులో, ఎల్లయ్య దొడ్లో, నుదుట గోరింటతో బతికే ఉన్నాడు. నేనే తీసుకుపోయాను అని ఆ గుమ్మంలో ఒక్కమాట అని ఉంటే, మరుసటి రోజే వాణ్ణి తెచ్చి ఆయన దొడ్లో కట్టేసేవాళ్లం. ఎందుకు అనలేదు? మొదట, ఆయన కథ అల్లుతున్నాడేమో అనుకున్నాను. ఆ అనుమానం నిలబడలేదు. దాని వెనకే సిగ్గు వచ్చింది. దొంగనని ఒప్పుకోవాలి, అదీ ఆయన ముందు. పండుగ పోనీ, ఎవరూ చూడకుండా కట్టేసి వద్దాం అనుకున్నాను.

ధారూరు వెళ్లేసరికి గుంజకు తాడే మిగిలింది. ఎల్లయ్య వాళ్లకు ఊరి దేవత మొక్కు తీర్చే రోజొచ్చినా మేక దొరకలేదట. "మనదే గద అక్కా అని బొట్టు పెట్టినం. వచ్చే ఏడు నీకో పిల్లనిస్తం" అన్నాడు ఎల్లయ్య, ఏ తప్పూ చేయని మనిషిలా. పరాయిదని ఖాజా ముట్టుకోలేదు. మనదని ఎల్లయ్య కోసేశాడు. అక్కడ వాడిని కట్టేసింది నేను.

గుట్ట మీద చెల్లెలు ఎప్పటిలాగే పత్తిగాడెట్లున్నాడని అడిగింది. ఖాజా పండుగకు కోసుకున్నాడని చెప్పాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో చెప్తే నమ్మరు. వెతుక్కోనే లేదు, ఎప్పటి నుంచో నోట్లో తయారుగా ఉంది. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు. నా చేతులతో నేనే చంపుకుంటున్నానా అని భయమేసింది. కానీ బతికింది. ఖాజా మీది కోపంతో బతికిందేమో.

ఆ మాట తాండూరు చేరింది. తన దొడ్లోంచి ఎవరో ఎత్తుకుపోయారని ఖాజా ఒట్టు పెట్టుకున్నాడు. నలుగురిలో నేనేమన్నానో తెలుసా? తప్పు చేయనివాడు బదులు మేకను ఎందుకు పట్టుకొస్తాడు అన్నాను. ఆయన మంచితనాన్నే ఆయన మీద సాక్ష్యంగా నిలబెట్టాను. అందరూ తలలూపారు. ఒక్కొక్కరే తమ మేకల్ని విప్పుకుపోయారు. ఖాజా బండల గనుల్లో పనికి కుదిరాడని తర్వాత విన్నాను. ఒకసారి తాండూరు ప్లాట్‌ఫారం మీద ఎదురుపడ్డాడు, ఒళ్లంతా బండల దుమ్ము. చెల్లెలు బాగుందా అని అడిగాడు. బాగుందన్నాను. ఆయనకు నిజం తెలుసా? తెలిసే అడిగాడా? చూడండి, ఇప్పటికీ ఆయన్నే అనుమానిస్తున్నాను.

మొన్న చెల్లెలు వచ్చింది. పత్తిగాడి తర్వాత ఆమె ఏ ప్రాణినీ దగ్గరికి రానివ్వలేదు. ఈ మధ్య ఒక కుక్కపిల్ల గడపలో పడుకుంటే తోలెయ్యలేకపోయిందట. ఇప్పుడు మళ్లీ పరీక్షలకు కొన్నాళ్లు గుట్ట మీద ఉండాలి. దాన్ని ఎక్కడ ఉంచాలని నన్నే అడిగింది.

"నువ్వే సూడు అక్కా. మనుషుల్ని మంచిగ పసిగడ్తవు నువ్వు. ఆనాడు ఖాజా దగ్గర్నే ఉంచుమని నేనే మొండికేసి పత్తిగాన్ని సంపుకున్న."

నేను లోపలికి పోయి నీళ్లు తాగాను. ఇన్నేళ్లూ ఆమె తిట్టుకుంటున్నది ఖాజా ఒక్కణ్ణే అనుకున్నాను. తనను తాను కూడా తిట్టుకుంటోందని నాకు తెలియదు.

రేపు కుక్కపిల్లను తీసుకుని వస్తుంది. ఏ చోటు చూపించాలి? నాకు తెలిసిన మంచి చోటు ఒక్కటే, దాన్ని నేనే పాడుచేశాను. మిమ్మల్ని క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. చెల్లెలు క్షమిస్తుందనీ అనుకోను. కానీ ఆమెకు చెప్పాల్సిన మాటను ఇందాక ఇక్కడ రాసి, గదిలో ఎవరూ లేకున్నా ఒకసారి పైకి చదివాను. పత్తిగాణ్ణి విప్పుకుపోయింది నేనే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అయినా మాట బయటికొచ్చింది.