ఆంటెనా మీద చెప్పిన సాక్ష్యం

పొద్దున్నే లేచి నూర్ బీ ఇంటి నూతి నుంచి రెండు బిందెల మంచినీళ్ళు తెచ్చుకోవడం ప్రేమకుమారికి పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. బాపట్లలో ఆ వీధంతా ఉప్పునీళ్ళే. ఆ ఒక్క నూతిలోనే ఎందుకో తియ్యటి నీళ్ళు పడ్డాయి. చేద పడిన చప్పుడు వినగానే నూర్ బీ వంటింట్లోంచే కేకేసేది: "వచ్చావా ప్రేమా? రాత్రి ఏం కూర?" ఇప్పుడామె బిందె చంకనెత్తుకుని మిషన్ కాంపౌండు కుళాయి దాకా నడుస్తోంది. తిన్నగా పోతే నూర్ బీ గుమ్మం ముందు నుంచి పోవాలి. అందుకని పాత సినిమా హాలు సందులోంచి చుట్టు తిరిగి వెళ్తోంది.

ప్రేమకుమారిది ఈపురుపాలెం. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. చర్చి స్త్రీల సమాజం కూడికల్లో కూడా చాపలు పరిచేది, టీ కాచేది, చివరి వరసలో కూర్చునేది. భర్త తోమాసు హైస్కూల్లో గుమాస్తా. ఒక్కతే కూతురు, బ్లెస్సీ.

నూర్ బీ కొడుకు ఇమ్తియాజ్ ముందు గదిలో నెట్ సెంటర్ పెట్టాడు. ఫోను తీగతో వచ్చే నెట్ నత్తనడక నడుస్తోందని, తీగ లేకుండా గాలిలోంచి వచ్చే నెట్ పెట్టించాడు. డాబా మీద ఇనప గొట్టం నిలబెట్టి, దానికి మూకుడు లాంటి తెల్లటి ఆంటెనా పళ్ళెం ఒకటి బిగించారు. వీధిలో దాన్ని చూసి ముందుగా సంబరపడింది ప్రేమకుమారే. బ్లెస్సీ ఇంటర్ ఫలితాలు చూసుకుంది అక్కడే. పాసయిందని ఇమ్తియాజే పరిగెత్తుకొచ్చి చెప్పాడు.

ఆ మరుసటేడు తోమాసు పోయాడు. తలలో గడ్డ అన్నారు. గుంటూరులో పెద్ద డాక్టరు స్కాన్ ఫిలిం దీపానికి ఎత్తి చూస్తూ, "ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా ఈ తలనొప్పి? ముందే ఎందుకు తీసుకురాలేదు?" అని అడిగాడు. సమాధి కార్యక్రమం అయ్యాక పరామర్శకు వచ్చినవాళ్ళదీ అదే మాట. "ముందే చూపించలేదా, ప్రేమమ్మా?" జాలిగానే అడిగేవాళ్ళు. ఆ జాలే ఆమెను కాల్చేది.

ఎందుకంటే తలనొప్పి ముందే ఉంది. ఆంటెనా రాకముందు ఏడాది నుంచీ ఉంది. పొద్దున్నే మంచం దిగగానే తల పట్టుకునేవాడు, పెరట్లోకి పోయి కక్కుకునేవాడు. పైత్యం అంది ఆమె. నిమ్మకాయ పిండి ఇచ్చింది, అమృతాంజనం రాసింది. ఒకసారైతే, "బడి ఎగ్గొట్టే పిల్లాడిలా రోజూ ఈ వంకేంటండీ?" అని నవ్వింది. ఆయనా నవ్వి, మొహం కడుక్కుని బడికి పోయాడు.

స్త్రీల సమాజం పెద్ద రూతమ్మ టీచరు గారు ఒకరోజు వచ్చి కూర్చుని, నూర్ బీ డాబా వైపు చూపు విసిరింది.

"టీవీలో చూపిస్తున్నారమ్మా, వీటి రేడియేషన్ తలకాయల్లోకి ఎక్కుద్దంట. మీ కిటికీ ఎదురుగ్గానే ఉంది కదా. తోమాసు గారికి తలనొప్పి అదొచ్చాకేనా?"

ప్రేమకుమారి కూడా కిటికీలోంచి అటే చూసింది. తర్వాత, "అవునండి," అంది.

ఆ శనివారం కూడికలో రూతమ్మ గారు ఆమెను లేపి నిలబెట్టింది. సాక్ష్యం చెప్పమంది. దేవుడి సన్నిధిలో చెప్పే సాక్ష్యానికి ఎదురు ప్రశ్న ఉండదు. విన్నవాళ్ళు స్తోత్రం అంటారు, కళ్ళు తుడుచుకుంటారు, అంతే. "ఆంటెనా పెట్టాకే మా ఆయనకి తలనొప్పి మొదలైందండి," అని ప్రేమకుమారి చెప్పింది. ఆడవాళ్ళంతా ఏడ్చారు. పాస్టరమ్మ గారు దగ్గరకు తీసుకుంది. ఆ రోజు నుంచి 'ముందే చూపించలేదా' అని అడిగిన మనిషి లేదు. ఆమెకు మళ్ళీ కాస్త నిద్ర పట్టింది. ఆ నిద్రంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉందని ఆమెకు తెలుసు.

వీధిలో భయం పాకింది.

"రేడియేషన్ అంటే ఏంటండి టీచరు గారూ?"

"వేడేనమ్మా. కంటికి కనపడని వేడి."

"అయితే సబ్జా గింజలు తాగితే పోద్దా?"

"పోదు గానీ తగ్గుద్ది."

వడగాలి రోజుల్లో కట్టుకునే తడి గోనెపట్టాలు ఆ చలికాలంలో కిటికీలకు వేలాడాయి. ఇళ్ళన్నీ ముక్కిన వాసన. పిల్లలకు మజ్జిగ పట్టీ పట్టీ జలుబులు చేశాయి. ఆ జలుబుల్ని కూడా ఆంటెనా ఖాతాలోనే వేశారు. పూర్ణచంద్రరావు అనే రిటైర్డ్ పోస్టుమాస్టరు, "వేడి చేస్తే జలుబెందుకొస్తదమ్మా?" అని అడిగితే, "మీకేం తెలుసు బాబాయి గారూ, మీ ఇల్లు ఆ చివరుంది," అని నోరు మూయించారు. నెట్ సెంటర్‌కు పిల్లల్ని పంపడం మానేశారు. చివరికి ఇమ్తియాజ్ తలుపులు మూసి, తెనాలిలో ఎవరిదో జిరాక్స్ కొట్లో పనికి కుదిరాడు.

అతను వెళ్ళిన రోజు నూర్ బీ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ప్రేమా! నా కొడుకు నీ మొగుణ్ణి చంపాడా? బయటికొచ్చి నా మొహం చూసి చెప్పు."

ప్రేమకుమారి తలుపు చాటున గోడకు అంటుకుపోయింది. "అమ్మ పడుకుందండి పెద్దమ్మా," అని బ్లెస్సీ చేత చెప్పించింది. బ్లెస్సీ లోపలికొచ్చి తల్లి వైపు చూసిన చూపు ఆమెకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. మర్నాటి నుంచే ఆమె నీళ్ళదారి మారింది.

ఆ సాక్ష్యం మాత్రం ఆగలేదు. తెనాలి సంఘానికి పాకింది, అక్కడి నుంచి రేపల్లెకు. రేపల్లెలో స్త్రీల మహాసభ పెట్టుకుని, "ఆ అమ్మ నోటితోనే వినాలి," అని కబురు పెట్టారు. రూతమ్మ గారు ఆమెను తీసుకుని, తెనాలి ఆడవాళ్ళను కూడా కలుపుకుందామని అక్కడికెళ్ళి రేపల్లె రైలెక్కించింది.

రైల్లో ఒకావిడ ఒత్తుకుని మరీ పక్కన కూర్చుంది.

"వందనాలండి అక్కయ్య గారూ. నా పేరు అచ్చమ్మండి, తెనాలే. మిమ్మల్ని ఎప్పుడు చూస్తానా అనుకుంటున్నాను. మా ఆయన్ని మీరే కాపాడారు."

"నేనా?"

"మీ సాక్ష్యమేనండి. మా ఆయన ప్రభుదాస్ కూడా పొద్దున్నే లేవగానే తలకాయ పట్టుకుంటాడు. వాంతి కూడానూ. మా సందులో సెల్ టవరుంది. గుంటూరు తీసుకెళ్దామనుకున్నాను, ఇంతలో మీ సంగతి విన్నాను. డాక్టర్లకి ఇదేం తెలుస్తుందిలే అని, తీసుకెళ్ళి మా చెల్లెలింట్లో పెట్టానండి, అడవులదీవిలో. అక్కడ టవర్లూ లేవు, నెట్టూ లేదు. సముద్రపు గాలి. పోయిన వారం కన్ను మసకేస్తోందన్నాడు. ఒంట్లో వేడంతా దిగుతోంది గదా, అదయ్యుంటదిలే అన్నాను. అంతేనంటారా అక్కయ్యా?"

తోమాసుకు కూడా చివర్లో కన్ను మసకేసింది. అద్దాలు మార్చుకోమని చెప్పింది తనే.

అప్పుడే చెప్పవలసింది. ఎదురు సీట్లో రూతమ్మ గారు, చుట్టూ తెనాలి ఆడవాళ్ళు, అందరి కళ్ళూ తన మీదే. "మంచినీళ్ళున్నాయా అమ్మా?" అని మాత్రం అడిగింది. అచ్చమ్మ సీసా ఇచ్చింది. భట్టిప్రోలు దాటింది. ఒక అబద్ధాన్ని తను తన కోసం ఆడింది. అది నడిచి నడిచి ఊరు కాని ఊరిలో ఇంకొకావిడ మంచం దగ్గర కూర్చుంది. ఆ మంచం మీదున్న మనిషికి ఇంకా టైముందో లేదో తనకు తెలియదు. అచ్చమ్మ మధ్యాహ్నం బస్సుకు అడవులదీవి వెళ్తానంది. వేడి దిగుతోందన్న ధీమాతోనే వెళ్తుంది.

రేపల్లెలో చర్చి నిండిపోయింది. రూతమ్మ గారు మైకు సర్ది ఆమె చేతికిచ్చింది. అచ్చమ్మ ముందు వరసలో కూర్చుని ఆమెనే చూస్తోంది.

"వందనాలండి," అంది ప్రేమకుమారి. తన గొంతు తనకే పెద్దగా వినపడి బెదిరింది. "నేను చెప్పిన సాక్ష్యం అబద్ధమండి. మా ఆయనకి తలనొప్పి ఆంటెనాకి ముందే ఉంది. ఏడాది ముందే ఉంది. నేనే పైత్యం అన్నాను. నవ్వాను కూడా. డాక్టరుకి చూపించలేదు. ఆంటెనాలు ఏం చేస్తాయో ఏం చెయ్యవో నాకు తెలీదండి, నేను చదువుకోలేదు. ఇది మాత్రం తెలుసు. అచ్చమ్మా, గాలికి తగ్గేది కాదమ్మా అది. మా ఆయనకీ కన్ను మసకేసింది. ఇవాళే తీసుకెళ్ళు."

వెనక ఎవరో ముసలావిడ అలవాటు కొద్దీ "స్తోత్రం" అనబోయి సగంలో ఆపేసింది. అచ్చమ్మ లేచి నిలబడింది. మొహం తెల్లబోయింది. తిట్టలేదు, ఏడవలేదు. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయటికి పరిగెత్తింది.

తిరుగు ప్రయాణంలో ప్రేమకుమారి పక్కన ఎవరూ కూర్చోలేదు. ప్రభుదాస్‌ను గుంటూరు తీసుకెళ్ళారని తర్వాత తెలిసింది. ఏం తేలిందో ఎవరూ చెప్పలేదు. అడిగే మొహం ఆమెకు లేదు.

ఆ రోజు బాపట్లలో దిగి తిన్నగా నూర్ బీ ఇంటికి వెళ్ళింది. నూర్ బీ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"అక్కా, చెప్పేశాను. మైకులో. అందరి ముందూ."

నూర్ బీ తల ఎత్తలేదు. "నా దగ్గర చెప్పడానికి మైకు కావాలా? ఆ రోజు తలుపు తీసుంటే చాలదూ?"

"తప్పయిపోయిందక్కా."

"అయింది. నా కొడుకు ఊరొదిలి పోయాడు, నీ మొగుడూ పోయాడు. ఎవర్ని ఏమంటాం?" చాట తట్టి లేచింది. "నమాజు వేళయింది, ప్రేమా. ఇంటికి పో."

పేరు పెట్టి పిలిచినందుకే ప్రేమకుమారికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపుకు కూడా సిగ్గుపడి, గబగబా వచ్చేసింది.

మర్నాడు సాయంత్రం రూతమ్మ గారు సమాజంలోని వెంకటరత్నమ్మను, ఇంకొకావిడను వెంటబెట్టుకుని వచ్చింది. ముగ్గురూ వసారాలో కుర్చీల్లో కూర్చున్నారు.

"చూడమ్మా ప్రేమా. ఆ ఆంటెనా తీయించమని మున్సిపాలిటీలో మన అర్జీ ఉంది. నీ పేరే ముందుంది. దుఃఖంలో తల తిరిగి మహాసభలో ఏదేదో అన్నానని వచ్చే శనివారం ఒక్క ముక్క చెప్పు చాలు. సమాజం పరువు నిలబడుద్ది."

"ఏం లేదు, రెండు నిమిషాల పని," అంది వెంకటరత్నమ్మ. "ముందు టీ పెట్టమ్మా, తాగుతూ మాట్లాడుకుందాం."

ప్రేమకుమారి ఉలిక్కిపడినట్టు లేచింది. ఇన్నేళ్ళలో సమాజం ఆడవాళ్ళు గుమ్మంలోకి వస్తుండగానే ఆమె స్టవ్ వెలిగించేది. లోపలికెళ్ళింది. పాల ప్యాకెట్ గట్టు మీదుంది, పంచదార డబ్బా పక్కనే ఉంది. అగ్గిపెట్టె అందుకుంది. టీ ఇస్తే తాగుతారు. తాగుతూ చెప్తారు. ఖాళీ కప్పులు అందుకుంటూ తను సరేనండి అంటుంది. తన సంగతి తనకు తెలుసు.

అగ్గిపెట్టె గట్టు మీద పెట్టేసింది. వట్టి చేతులతో వచ్చి, చివర పీట మీద తల దించుకుని కూర్చుంది.

వాళ్ళు వంటింటి వైపు చూశారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"పాలు లేవా ఏంటమ్మా?" అంది వెంకటరత్నమ్మ.

"ఉన్నాయండి," అంది ప్రేమకుమారి. లేవలేదు.