ఖాళీ అని రాసిన నీళ్లు

సముద్రాన్ని పంచే చదువు నేర్పడం నా ఉద్యోగం. ఓడలు ఎటు పోవాలి, వలలు ఎక్కడ వేయాలి, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక జోలికి ఎవరూ పోకుండా ఎక్కడ గీత గీయాలి, ఇవన్నీ పటం మీద తేల్చడాన్ని సముద్ర స్థల ప్రణాళిక అంటారు. కోస్తాలో ఒక శిక్షణ సంస్థలో ఆ పాఠం చెప్పేవాళ్లలో నేనొకదాన్ని. పుట్టింది కోరుట్లలో. సెలవుకు ఇంటికొస్తే "సముద్రం ఏడుందే మనకు?" అని నవ్వేవాళ్లు. కోస్తాలో మా సంస్థ పెద్దసారేమో, "మీవాళ్లు సముద్రం లేని రాష్ట్రం అడుగుతున్నారేమిటమ్మా, నీ ఉద్యోగం ఏం కాను?" అనేవాడు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఒళ్లు మండినా నేనూ నవ్వేదాన్ని. అలా నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

ఆ ఏడు మా ప్రాంతపు మత్స్యశాఖ అధికారుల జట్టొకటి శిక్షణకు తీరానికి రావాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఎవరిని ఎక్కడికి బదిలీ చేస్తారో తెలియదు కాబట్టి సముద్రం ఎరగనివాళ్లకూ ఆ పాఠం తప్పేది కాదు. కానీ రోజుకో బంద్, పూటకో రాస్తారోకో. బస్సులు డిపో దాటడం లేదు. రెండుసార్లు వాయిదా పడ్డాక శిక్షణే జగిత్యాలకు వచ్చింది. ఒక ఫంక్షన్ హాల్లో, పెళ్లి కుర్చీల్లో కూర్చుని అందరూ తాబేళ్ల గురించి విన్నారు. అంతవరకు బాగానే ఉంది. ఆఖర్న నిజమైన నీళ్ల మీద పటం గీసే అభ్యాసం ఉంటుంది. దానికి తీరం కావాలి.

"చెరువైతే ఏం, అవీ నీళ్లేగా" అన్నాడు సారు.

సారంగాపూర్ వైపు ఒక చెరువుందని చెప్పింది నేనే. మా అమ్మ చెల్లెలు బతికేది దాని మీదే. భర్త పోయాక, ఆడదానివి నీకెందుకన్నవాళ్ల నోళ్లు మూయించి, చిన్నమ్మ థర్మాకోల్ తెప్ప ఎక్కి తనే వల వేసింది. గుంటెడు భూమి లేదు. తూముకు ఎదురుగా, నీళ్ల అడుగున ఒక మడుగుంది. పైకి ఏ గుర్తూ కనిపించదు. ఎండలు ముదిరి చెరువు తగ్గితే చేపలు ఆ మడుగులోకి చేరతాయి. ఆ రెండు నెలల చేపల మీదే ఆమెకు ఏడాది గడిచేది. చెరువు మీద బతికేవాళ్లు ఎవరి జాగా వాళ్లే దాచుకుంటారు, సొంత అన్నదమ్ములకు కూడా చెప్పరు. నా చిన్నప్పుడు నన్ను తెప్ప మీద అక్కడికి తీసుకెళ్లి, "మీ బాపుకు గూడ చెప్పకు బిడ్డా" అంది చిన్నమ్మ. నేను చెప్పలేదు.

చెరువు దగ్గరి బడి వరండాలో పటం పరిచాం. వలలు వేసేచోట ఆకుపచ్చ రంగు, బట్టలుతికే, గొడ్లను కడిగేచోట నీలం. ఏ రంగూ పడని చోటు ఖాళీ, అక్కడ కొత్త పనులేవైనా పెట్టుకోవచ్చు. ఇదీ మా పద్ధతి. చేపలు పట్టేవాళ్లు వచ్చి, ఊరందరికీ తెలిసిన చోట్లకే రంగేశారు. చిన్నమ్మ కట్ట పక్కన మోకాలిలోతు నీళ్ల మీద రెండు గీతలు గీసింది. పెన్సిల్ నా చేతికిచ్చి, నా మొహం చూడకుండా పోయి కూర్చుంది. తూము ఎదుటి నీళ్లు తెల్లగానే మిగిలాయి.

టీ తాగేటప్పుడు సారుతో అన్నాను. "సార్, ఆ తెల్లచోటు ఖాళీ కాదు. మంచి జాగాలు వీళ్లు బయటికి చెప్పరు. తీరంలో కూడా ఇంతే అయ్యుంటుంది. మనం ఇన్నేళ్లుగా తప్పు రాస్తున్నామేమో."

ఆయన బిస్కెట్ టీలో ముంచుకుంటూ, "చెప్పనిది ఎలా రాస్తామమ్మా? పటంలో లేనిది లేనట్టే. చెప్పమను, రాద్దాం" అన్నాడు. అప్పుడే ఆ పటం చుట్టి చంకన పెట్టుకుని బయటికి నడవాల్సింది. నేను రెండో కప్పు టీ తాగాను.

జట్టులో, జగిత్యాల ఆఫీసులో పనిచేసే సిరిసిల్ల అధికారి ఒకడు చాలా శ్రద్ధగలవాడు. తెల్లచోటు మొత్తం వల పంజరాల్లో చేపల పెంపకానికి కేటాయిస్తూ చక్కటి ప్రణాళిక రాశాడు. సారు చప్పట్లు కొట్టించి, దాన్ని పై ఆఫీసుకు పంపమన్నాడు. అభ్యాసం కోసం గీసిన కాగితం అలా ఆఫీసు ఫైలులోకి ఎక్కింది.

ఎండాకాలం మొదట్లో చిన్నమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, నువ్వు పరిచిన కాగితమే పట్టుకొచ్చిండ్రు. తూము ముంగట కట్టెలు పాతుతున్నరు. గాడ ఎవ్వలూ లేరని రాసి ఉన్నదట. నేను లేనా?"

మర్నాడే జగిత్యాల ఆఫీసుకు ఇద్దరం వెళ్లాం. బల్ల వెనక ఆ సిరిసిల్ల అధికారే ఉన్నాడు. పంజరాలు పెట్టే కాంట్రాక్టరు మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మేం నిలబడ్డాం.

"నేనేం కొత్తగ రాయలే మేడం" అన్నాడు అధికారి. "గీసిందే ఉన్నట్టు, గీయంది లేనట్టు అని మీరే నేర్పిండ్రు గద. ఇప్పుడు గీయుమనుండ్రి. గిప్పుడే ఆపుత."

"నలుగురి ముంగట తన జాగ సూపెడితేనే మీకు నమ్మకమా? సూపెట్టినంక గామెకేం మిగుల్తది?" అని అరిచాను.

"కాగితానికి గదంత ఎట్ల తెలుస్తది మేడం?" అన్నాడు నెమ్మదిగా. అతను చెడ్డవాడైతే నాకు ఎంతో సులువుగా ఉండేది. అతని నోట్లో ఉన్నది నా పాఠమే.

గీయకపోతే రేపటికల్లా పంజరాలు దిగుతాయి. గీస్తే ఊరంతటికీ తెలుస్తుంది. చిన్నమ్మ పెన్ను ముట్టుకోలేదు. పటం నా వైపు జరిపి, "నువ్వే గియ్యి బిడ్డా. నీకెర్కే గద" అంది.

గీశాను. కాంట్రాక్టరు మనిషి లేచి వచ్చి, నా భుజం మీదుగా వంగి మరీ చూశాడు.

కట్టెలు పీకేశారు. సవరించిన పటాన్ని అందరికీ తెలియాలని పంచాయతీ గోడకు అంటించారు. ఆ వారంలోనే చెరువు మీది తెప్పలన్నీ తూము ముందు చేరాయి. వాళ్లను ఏమనగలను, వాళ్లకూ భూములు లేవు. చిన్నమ్మ వలకు పడ్డవి కూర వండుకోవడానికే సరిపోలేదు. ఆ ఏడు ఆమె కూలిపనికి పోయింది. పెద్దసారు మాత్రం తర్వాతి జట్టుకు మా చెరువు పటాన్ని తెర మీద చూపించి, స్థానికుల జ్ఞానాన్ని కాపాడిన తీరు చూడండన్నాడు. తరగతి మధ్యలో లేచి, అది కాపాడటం కాదు, దోచిపెట్టడం అన్నాను. గొంతు పగిలేలా అన్నాను. ఆయన మంచినీళ్లు తాగమన్నాడు.

వానలు పడ్డాక చిన్నమ్మను చూడటానికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని చేపలు కోస్తోంది. తట్టలో రెండు పెద్ద బొచ్చెలు, ఇంకా మొప్పలు ఎగరేస్తున్నాయి. ఎక్కడో కొత్త జాగా దొరికిందన్నమాట. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి నా గుండె తేలికపడింది. ఆ సంతోషంలో నోరు జారాను.

"ఏడ పట్టినవ్ చిన్నమ్మా?"

ఆమె చేతులు ఆగాయి. జగిత్యాల ఆఫీసులో ఆ అధికారిని చూసినట్టే నన్ను చూసింది.

"నీళ్లల్ల పట్టిన మేడం" అంది.