గడులూ సున్నాలూ గీసిన డాక్టరమ్మ

మా ముత్తాత పామర్రులో మునసబు. ఆయన తర్వాత మా తాతగారు వస్తుంటే కూడా అరుగుల మీది వాళ్లు లేచి నిలబడేవారు. మా మూడేళ్ల బాబుకి ఊపిరితిత్తిలో అరుదైన కణితి ఉందని తేల్చిన విజయవాడ డాక్టరమ్మకీ ఇదే చెప్పాను.

ఆవిడ కాగితం మీద మా వంశవృక్షం వేస్తూ, మగవాళ్లకి గడి, ఆడవాళ్లకి సున్నా గీస్తూ, "పదవులొద్దండీ. చిన్నప్పుడే పోయిందెవరు? మెడ ముందు వాపు ఎవరికుంది?" అంది.

"మా వంశంలో రోగాల్లేవండీ."

"ఇది వంశంలోనే రావచ్చండీ. మీ చంటిపాపనీ చూడాలి."

ఆవిడ పెన్సిలు బల్ల మీద టకటకా కొడుతూనే ఉంది. చివరికి, మెడ మీంచి కొంగు తీయని మేనత్త గురించి, ఆయాసంతో రెండేళ్లకే పోయిన తమ్ముడి గురించి చెప్పాను. ఆవిడ ఒక సున్నా, ఒక గడి నల్లగా నింపి, పాపకి స్కాన్ రాసింది. పాప ఊపిరితిత్తిలో, ముందుముందు కణితిగా మారే గాలిబుడగ చిన్నగా ఉండగానే దొరికింది.

ఇద్దరి ఆపరేషన్లకీ కాలవ కింద మిగిలిన రెండెకరాలూ అమ్మేశాం.